కుటుంబ చిత్రం నుంచి విడివడిన విగ్రహం: కాంబర్‌మియర్ కాటన్లు - కోనసీమ కాటన్ దొర

వ్యాససంగ్రహం: గోదావరి డెల్టాలో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహం ఒక ఒంటరి మహనీయుడి రూపంగా స్థిరపడింది. ఆయన పుట్టిన ప్రభువంశానికి ఇంగ్లండులో వేరే చిత్రపరంపర ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, కోనసీమలోని నేతగ్రామమైన బండారులంక వైపు నుంచి చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆర్థర్ కాటన్, కాంబర్‌మియర్, విగ్రహం, ఛాయాచిత్రం, గోదావరి డెల్టా, బండారులంక.

1. ప్రవేశిక

గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం ఊరూరా ఎదురవుతుంది. ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది. 1982 నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. 1986లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలిపినప్పుడు ఆ వరుసలో ఈ ఆంగ్లేయుడికీ చోటు దక్కింది. గోదావరి స్నాన సమయంలో ఆయనను భగీరథుడిగా స్మరించే సంస్కృత శ్లోకం కూడా ప్రచారంలో ఉంది. వలసపాలకుల విగ్రహాలను కూడళ్ల నుంచి తొలగించిన దేశంలో, ఒక వలస సైనికాధికారి విగ్రహాన్ని ప్రజలే కోరి చందాలతో నిలుపుకోవడం అరుదైన సంగతి. దీన్ని కృతజ్ఞత అని చెప్పి వదిలేయడం పరిపాటి. కృతజ్ఞత నిజమే, అయితే ఆ ఒక్కమాట ఈ రూపం ఎలా తయారైందో చెప్పదు.

ఈ రూపంలో మొదట గమనించవలసింది లేమి. కోనసీమ కాటన్‌కు తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు, వంశం లేదు. ఆయన నదిలోంచి పుట్టినట్టే ఉంటాడు. నిజానికి ఆయనది చెషైర్‌లోని కాంబర్‌మియర్ ఆబీని ఏలిన బేరనెట్ల వంశం. ఆ వంశం తన చిత్రాలను చాలా శ్రద్ధగా తయారు చేసుకున్నది.

2. కాంబర్‌మియర్ చిత్రాలు

ఆర్థర్ కాటన్ తాత సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్ నాలుగవ బేరనెట్. ఎస్టేటూ బిరుదూ పెద్దకొడుక్కు చెందడం అక్కడి రివాజు. చిన్నకొడుకుల్లో ఒకడైన హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదవ కుమారుడిగా 1803 మే 15న ఆర్థర్ జన్మించాడు. పదవ కొడుక్కు వంశనామం తప్ప మరొకటి దక్కే అవకాశం లేదు. ఇటువంటి ఇళ్లలోని చిన్నవాళ్లకు చర్చి, సైన్యం, కంపెనీ కొలువు అనే మూడు దారులుండేవి. ఈ ఇంట్లో మూడూ కనిపిస్తాయి. రిచర్డ్ లించ్ మతాచార్యుడై ఆక్స్‌ఫర్డ్ వూస్టర్ కళాశాలకు అధిపతి అయ్యాడు. సిడ్నీ సైన్యంలో చేరి, 1857లో పెషావర్‌లో సేనలకు నాయకత్వం వహించి, అక్కడి దేశీయ పటాలాలను నిరాయుధం చేయించాడు. ఆర్థర్, ఫ్రెడరిక్, హ్యూ ముగ్గురూ మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేశారు. (1904లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్‌ది వేరే కాటన్ వంశం, పేరు ఒకటే కావడం వల్ల ఇద్దరినీ కలిపేయకూడదు.)

ఆర్థర్ పెదతండ్రి అయిన ఐదవ బేరనెట్ కాదు, ఆయన కొడుకు స్టేపుల్టన్ కాటన్ ఈ వంశానికి పెద్ద బిరుదు తెచ్చాడు. ఆర్థర్‌కు ఆయన పెదతండ్రి కొడుకు, అంటే వరుసకు అన్న. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో టిప్పుసుల్తాన్‌పై పోరాడినవారిలో ఉన్నాడు. స్పెయిన్ యుద్ధాల్లో వెల్లింగ్టన్ కింద అశ్వికదళాన్ని నడిపాడు. తర్వాత బార్బడోస్ గవర్నరు, ఆపైన భారతదేశంలో సర్వసేనాధిపతి. 1826 జనవరిలో భరత్‌పూర్ జాట్ కోటను పట్టుకున్నందుకు మరుసటి ఏడాది వైకౌంట్ అయ్యాడు. ఆ బిరుదులో కాంబర్‌మియర్‌తో పాటు భరత్‌పూర్ పేరు కూడా చేరింది. ఓడిన ఊరు గెలిచినవాడి ఇంటిపేరులో భాగమైంది.

1865లో ఆయన మరణించాడు. చెస్టర్ కోట ఎదుట ఆయన అశ్వారూఢ కంచువిగ్రహం నిలిచింది. శిల్పి కార్లో మారొకెట్టి. ప్రభువంశం తనను తాను ఎలా చూపించుకోదలచిందో దానిలో స్పష్టంగా ఉంది. గుర్రం మీద ఒక్కడే మనిషి, చుట్టూ ఎవరూ లేరు. ఆ ఇంటికి కరీబియన్ దీవుల్లోనూ ఆస్తులుండేవి. 1833 చట్టంతో బానిసత్వం రద్దయినప్పుడు నెవిస్, సెయింట్ కిట్స్ దీవుల్లోని వందలాది బానిసల నిమిత్తం పరిహారం పొందినవారిలో ఈ వైకౌంట్ ఒకడు. పరిహారం యజమానులకే ముట్టింది, విడుదలైనవారికి కాదు. ఈ వివరం పద్దుపుస్తకాల్లో ఉంది, విగ్రహంలో లేదు.

ఈ వంశానికి సంబంధించి అన్నిటికంటే ప్రసిద్ధమైన చిత్రం మాత్రం విగ్రహం కాదు, 1891 డిసెంబరు 5న తీసిన ఛాయాచిత్రం. రెండవ వైకౌంట్ వెల్లింగ్టన్ హెన్రీ లండనులో గుర్రపుబండి తగిలి మరణించాడు. ఆయన అంత్యక్రియలు జరుగుతున్న రోజునే సిబిల్ కార్బెట్ అనే మహిళ కాంబర్‌మియర్ ఆబీ గ్రంథాలయాన్ని ఫొటో తీసింది. కెమెరా దాదాపు గంటసేపు తెరిచి ఉంచారు. ప్లేటును కడిగి చూస్తే, పెద్ద కుర్చీలో ఒక వ్యక్తి తల, భుజం, చేయి మసకగా అగుపించాయి. చనిపోయిన ప్రభువే తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడని పలువురు నమ్మారు. భౌతికశాస్త్రవేత్త విలియం బారెట్ పరిశీలించి, ఎవరో సేవకుడు లోపలికి వచ్చి కాసేపు కూర్చొని వెళ్లి ఉంటాడన్న వివరణ ఇచ్చాడు. వాదం తేలలేదు.

ఈ ఛాయాచిత్రాన్ని దయ్యాల కథగా తీసిపారేయడం విమర్శకుడికి నష్టం. బారెట్ వివరణ సరైనదే అనుకుంటే, ఆ ఇంట్లో పనిచేసే మనిషి చిత్రంలోకి వచ్చినా మనిషిగా రాలేకపోయాడు. చూసినవారు అతనిలో యజమానినే చూశారు. గంటసేపు కెమెరా తెరిచి ఉంటే, కదలకుండా ఉండే కుర్చీలూ పుస్తకాలూ స్పష్టంగా పడతాయి. వచ్చిపోయేవాడు పొగలా మిగులుతాడు. సామ్రాజ్యకాలపు చిత్రాల విషయంలో ఇది సాంకేతిక వివరం మాత్రమే కాదు. ఎక్కువసేపు కూర్చొనే తీరిక ఎవరికి ఉన్నది అన్న ప్రశ్న కూడా.

3. ధవళేశ్వరం తర్వాత

ఆర్థర్ 1821లో మద్రాసు చేరాడు. 1830ల్లో కావేరి మీద ఎగువ కొల్లిడం ఆనకట్ట కట్టించిన అనుభవంతో గోదావరికి వచ్చాడు. అప్పటి గోదావరి జిల్లా స్థితి జనాభా లెక్కల్లోనే కనిపిస్తుంది. 1821లో సుమారు 7,38,000 ఉన్న జనాభా 1841 నాటికి 5,61,000కు పడిపోయింది. మధ్యలో 1832-33 కరువు, 1839 కోరంగి తుఫాను ఉన్నాయి. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. పని ఉధృతంగా సాగిన రోజుల్లో పదివేలమంది దాకా కూలీలు పనిచేశారు. వడ్రంగులు, కమ్మర్లు వేరు. వారికి తిండి, జీతం, క్రమం సమకూర్చినవారిలో వీణం వీరన్న పేరు డెల్టాలో ఇప్పటికీ తలుస్తారు.

కాటన్ రూపానికి మొదటి శిల్పి ఆయన కూతురు. ఆయన 1899 జులై 24న మరణించగా, మరుసటి ఏడాదే ఎలిజబెత్, అంటే లేడీ హోప్, ఆయన జీవితచరిత్ర ప్రచురించింది. కరువుల నివారణపై విలియం డిగ్బీ రాసిన భాగం అందులో చేరింది. ఆమె క్రైస్తవ ధర్మప్రచారం, మద్యనిషేధోద్యమం పనుల్లో ఉన్న మనిషి. తండ్రిని దైవభక్తుడిగా, పరోపకారిగా, ప్రభుత్వం అర్థం చేసుకోని దార్శనికుడిగా చూపడం ఆ దృష్టికి సహజం. డెల్టాలో ఆ భక్తుడికి మతం మారింది గాని భక్తి మారలేదు. కూతురు చూపిన క్రైస్తవ సేవకుడే ఇక్కడ భగీరథుడయ్యాడన్నది నా అభిప్రాయం. రెండింటిలోనూ వంశం వెనక్కి పోతుంది. పుణ్యాత్ముడికి ఎస్టేటు అక్కరలేదు కదా.

ధవళేశ్వరంలో గుర్రమెక్కిన కాటన్ విగ్రహాన్ని చెస్టర్‌లోని అన్నగారి విగ్రహంతో పోల్చి చూడాలి. రెండు చోట్లా గుర్రమే. చెస్టర్ గుర్రం కోట పట్టినవాడిది. ధవళేశ్వరం గుర్రం కాలవగట్టు వెంట ఏటిపాయలు చూసుకుంటూ తిరిగినవాడిది. డెల్టా శిల్పులు ప్రభువంశపు భంగిమను తీసుకుని, దానిలోంచి యుద్ధాన్ని తీసేశారు. ఇది తెలియక చేసింది కావచ్చు. అయినా గొప్ప మార్పు. "దొర" అనే మాట కూడా అలాగే మారింది. జమీందారునూ కంపెనీ కలెక్టరునూ పిలిచిన మాటే ఇక్కడ ఆప్యాయతగా పలుకుతారు.

ఈ విగ్రహం వంశాన్ని దూరం పెట్టడంలో న్యాయం కూడా ఉంది. ఆయన సామ్రాజ్యపు ముద్దుబిడ్డ కాదు. రైలుమార్గాలకు పోసే సొమ్ము కాలవలకు పోయాలని జీవితమంతా వాదించి, 1878లో పార్లమెంటు కమిటీ ముందు పరుషమైన ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. ఆయన ప్రోత్సాహంతో మొదలైన కర్నూలు-కడప కాలవ కంపెనీ నష్టాల్లో మునిగింది. ఆ వైఫల్యాన్ని ప్రత్యర్థులు పదేపదే ఎత్తిచూపారు.

4. బండారులంక వైపు నుంచి

డెల్టా అంటే వరిచేలు, కొబ్బరితోటలు అని చిత్రించడం అలవాటు. అమలాపురానికి చేరువలోని బండారులంక మగ్గాల ఊరు; అక్కడి చేనేత చీరలకు కోనసీమ బయటా పేరుంది. ఆ ఊరివైపు నుంచి చూస్తే కాటన్ రూపం కొంచెం వేరుగా కనబడుతుంది. నీరు రైతు పొలానికి వచ్చింది. పొలం ఉన్నవాడి విలువ పెరిగింది, శిస్తూ పెరిగింది. కంపెనీ ఈ పనికి డబ్బిచ్చింది ఆ రాబడి లెక్క చూసుకునే. మగ్గం ఉన్నవాడి సంగతి వేరు. గోదావరి తీరంలో ఇంజరం, మాధవాయపాలెం వంటి చోట్ల కంపెనీ కోఠీలు ఒకప్పుడు ఇక్కడి బట్టనే ఎగుమతి చేసేవి. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ వ్యాపారం కుప్పకూలి, లాంకషైర్ మిల్లు బట్ట ఎదురొచ్చింది. కాటన్ వాదించిన కాలవలు సాగుకు మాత్రమే కాదు, పడవరవాణాకు కూడా. లోపలి జిల్లాల పత్తి చవకగా రేవు చేరాలన్నది ఆ వాదంలో భాగం. అది లాంకషైర్ వర్తకులకు నచ్చిన వాదం.

అందువల్ల నేతకారుడికి కాటన్ శత్రువని చెప్పడం తొందరపాటు. కాలవ వచ్చాక చవకైన బియ్యం మగ్గం ఇంటికీ చేరింది, కరువు భయం తగ్గింది. కాని రైతు అనుభవాన్ని డెల్టా మొత్తం అనుభవంగా చూపే విగ్రహం ముందు నేతకారుడు, పొలం లేని కూలీ, ఆనకట్ట రాళ్లు మోసిన వడ్డెర ఏ చోట నిలబడాలో తెలియదు. కోనసీమలో విగ్రహం అలంకారం కాదు. ఒక పేరు కోసం 2022 మేలో అమలాపురం ఎంతగా కల్లోలపడిందో చూసినవాళ్లం. బహిరంగ స్థలంలో ఎవరి రూపం, ఎవరి పేరు ఉండాలన్నది ఇక్కడ బతుకుకు తగిలే ప్రశ్న.

ఈ విషయంపై పనిచేసే పరిశోధకులు విగ్రహం ముఖాన్ని చూసినంత సేపు దాని పీఠాన్ని కూడా చూడాలి. శిలాఫలకాల మీద దాతలు, ఆవిష్కర్తలు, తేదీలు ఉంటాయి. ఏ దశాబ్దంలో, ఏ వర్గాల చందాలతో, ఊరిలో ఏ భాగంలో ఈ విగ్రహాలు లేచాయో ఊరూరా నమోదు చేస్తే, కాటన్ చరిత్ర కంటే ఎక్కువగా డెల్టా సమాజ చరిత్ర తేలుతుంది. మగ్గాలున్న ఊళ్లను, వరి ఊళ్లను విడిగా లెక్కించడం అవసరం. శ్రమజీవుల వైపు ఆధారాలకు ఆనకట్ట నివేదికల్లోని కూలీ లెక్కలు ఒక మార్గం. మౌఖిక కథనాలు మరొకటి. వీరన్న పేరు చాలావరకు వాటి ద్వారానే నిలిచింది.

మరొక ఆధారం కోనసీమలోనే ఉంది. వైనతేయ గోదావరిని దాటించి లంకసీమకు నీరు చేర్చేందుకు 1850ల తొలినాళ్లలో హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో గన్నవరం అక్విడక్టు కట్టారు. వరద రాకముందే, ఒకే పని కాలంలో దాన్ని నిలబెట్టారు. ఆ ఇటుక కమానుల వరుసలో ఏ ముఖమూ లేదు. కాంబర్‌మియర్ గ్రంథాలయంలోని కుర్చీని అడిగిన ప్రశ్ననే ఈ కమానుల దగ్గరా అడగవచ్చు: ఇక్కడ కాసేపు ఉండి వెళ్లినది ఎవరు?