పీడకల ఎవరిది? హరిశ్చంద్ర కాటిసీను మీద కొన్ని ప్రశ్నలు

హరిశ్చంద్ర నాటకాన్ని సత్యవాక్కు కథగా చెప్పుకోవడం మనకు అలవాటయిపోయింది. బడిలో చెప్పిందీ అదే, పండితులు రాసిందీ అదే. ఆ వ్యాఖ్యానాన్ని కాసేపు పక్కనబెట్టి, కులం జారిపోతే తన గతేమిటో అన్న ద్విజుడి భయంలోంచి పుట్టిన పీడకలగా ఈ కథను చదవాలని మేము అంటున్నాం. పీడకల అని ఏదో పోలిక కోసం అనడం లేదు. పురాణంలో నిజంగానే ఒక కల ఉంది. మా వైపు, గుర్రంకొండ, మదనపల్లె చుట్టుపక్కల ఆడే కాటిసీనులో ఆ కలను విడిగా ఆడంగా మేము చూడలేదు గనక, ముందు దాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మార్కండేయ పురాణంలో హరిశ్చంద్రుడు చండాలుడికి అమ్ముడుపోయి కాటిలో పని చేస్తుంటాడు. శవాల మధ్య తిరిగి తిరిగి అలిసి ఒకనాడు నిద్రపోతాడు. కలలో ఒక పుల్కస స్త్రీ కడుపులో పడతాడు. (ధర్మశాస్త్రాలు ఊరి బయటికి నెట్టిన కులాల్లో పుల్కసులు ఒకరు.) పుల్కసుడిగా పుట్టి, పసితనం నుంచీ కాటిపనే చేస్తాడు. ఏడో ఏట, శవాన్ని తెచ్చిన బ్రాహ్మణుల కోపానికి గురై శాపం పడతాడు. యమభటులు ఈడ్చుకుపోతారు. నరకంలో వేగి, కుక్కగా గాడిదగా ఇంకా ఎన్నో జంతువులుగా పుట్టి చచ్చి, ఆఖరికి ఉలిక్కిపడి లేస్తాడు. లేచి అక్కడున్న పుల్కసులను అడుగుతాడు, పన్నెండేండ్లు గడిచిపోయినాయా అని. ఇంకా లేదంటారు వాళ్లు.

ఆ జవాబు చెప్పిన పుల్కసులను ఒకసారి చూడాలి. రాజు ఏ బతుకును కలగని వణికిపోయినాడో, ఆ బతుకును వాళ్లు పట్టపగలు బతుకుతూ అక్కడ నిలబడి ఉన్నారు. పురాణకర్త ఊహించగలిగిన అతి ఘోరమైన లోకం నరకం కంటే ముందు అంటరాని ఇల్లు. కాటిపని, పుల్కస జన్మ, నరకం, కుక్క జన్మ, గాడిద జన్మ అన్నీ ఒకే వరసలో పేర్చినాడు. ఆ ఏడేండ్ల పిల్లవాడు కలలో చేసిన పని మన వాడల్లో ఎందరు చేయలేదు? చావుకు పలక కొట్టేది, గుంత తవ్వేది, చావు కబురు మోసుకొని ఊరూరూ తిరిగేది ఎవరు? వాళ్లెవరికీ పన్నెండేండ్ల గడువు లేదు. ఎప్పుడు తీరుతుందని అడగడానికి పక్కన మనిషీ లేడు.

ఇంకో సంగతి కూడా పురాణంలోనే ఉంది. చండాలుడు రాజును పనిలో పెట్టుకుంటూ శవం మీది రాబడిని ఎట్లా పంచాలో చెబుతాడు. ఆరు వంతుల్లో ఒకటి రాజుకు, మూడు తనకు, రెండు కాపరి కూలికి. అంటే కాటి మైల సింహాసనానికి అంటదు గానీ కాటి పన్ను మాత్రం అంటుతుంది! అయోధ్యలో మాత్రం కాడు లేకుండా ఉంటుందా? హరిశ్చంద్రుడు గద్దె మీద ఉన్నన్నాళ్లూ ఆ ఒక వంతు ఆయనకూ ముట్టే ఉండాలి. అప్పుడు రాని పీడకల రెండు వంతుల కూలికి దిగినాకనే వచ్చింది. సత్యం గురించి ఇన్ని పద్యాలు పాడే నాటకం ఈ లెక్క దగ్గర ఎందుకు ఆగదు?

తెలుగు నాటకానికి వస్తే ఆ భయం మొదటి అంకాల్లోనే బయటపడుతుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' ఆడినా, దాన్ని అటూ ఇటూ మార్చి ఆడినా మాతంగ కన్యల సీను ఉంటుంది. విశ్వామిత్రుడు పంపిన ఆ ఆడపిల్లలు ఆడి పాడి, తమను పెండ్లాడమని రాజును అడుగుతారు. రాజ్యమైనా వదులుకుంటాడు గానీ ఆ పనికి మాత్రం ఒప్పుకోడు. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. మాదిగ, మాల పిల్లలు కూడా కొడతారు. ఏకపత్నీవ్రతం అని సమర్థించే వాళ్లున్నారు. అది ఒక్కటే కారణమైతే ఆ పిల్లలు మాతంగులే ఎందుకు కావాల్సి వచ్చింది? ఏ రాజకుమార్తెలనో పంపినా పరీక్ష జరిగేదే గదా!

కథను విమర్శిస్తున్నామని దీని బలాన్ని తక్కువ చేయలేం. ఇది ఒక కవి సొత్తుగా ఉండిపోయిన నాటకం కాదు, పదిమందీ కలిసి కాపురముండే లోకం. ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు మారతారు. అడవి సీనుకు ఒకరు, కాశీకి ఒకరు, కాటికి పేరుమోసిన గాయకుడు ఒకరు. ఎవరి పద్యాలు వాళ్లు చేర్చుకుంటారు. డి.వి. సుబ్బారావు గొంతు మైకుల్లో వినని ఊరు తక్కువ. గాంధీ చిన్నప్పుడు ఈ కథ నాటకంగా చూసి, తనలో తాను లెక్కలేనన్ని సార్లు హరిశ్చంద్రుడిగా ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ వేషం ఎవరికైనా సరిపోతుంది. అయితే వీరబాహుడిగా ఆడుకున్నానని ఎవరైనా రాసుకున్నారా? ముంత చేత పట్టుకొని తూలుతూ వచ్చి, నవ్వించి పోయే వేషంగానే వీరబాహుడు మన ఊళ్లలో మిగిలినాడు. మా పాత చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ల ముందర పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. అర్జునుడి వేషగాడు తపసుమాను ఎక్కితే కింద బిడ్డలు లేని ఆడవాళ్లు కొంగు పట్టి నిలబడతారు. వేషానికి అంత మహిమ ఉందని నమ్మే నేల మీద, ఏ వేషం ఎవరికిస్తున్నారు, ఎట్లా ఆడిస్తున్నారు అన్నది చిన్న విషయం కాదు.

ముగింపులో జరిగేది ఇంకా అన్యాయం. పురాణంలో దేవతలు దిగివచ్చి స్వర్గానికి రమ్మంటే, నా యజమాని చండాలుడి సెలవు లేనిదే రానంటాడు హరిశ్చంద్రుడు. కథ మొత్తంలో ఒక అంటరానివాడిని మనిషిగా లెక్కపెట్టిన మాట ఇదొక్కటే. వెంటనే ధర్ముడు కల్పించుకొని, ఆ చండాలుడిని నేనే, మారువేషంలో వచ్చినాను అంటాడు. దాంతో సెలవు అడగాల్సిన మనిషే లేకుండా పోయినాడు! అయోధ్య ప్రజలను విడిచి స్వర్గానికి రానని రాజు పట్టుబట్టి వాళ్లను వెంట తీసుకుపోతాడు. పన్నెండేండ్లు కాలేదని చెప్పిన ఆ పుల్కసుల మాట మళ్లీ రాదు. రాజుకు మెలకువ వచ్చింది, కలలోని మనుషులు కలలోనే ఉండిపోయినారు.

ఈ మూసిన కలలోకి బయటినుంచి ఒకే ఒక్క మనిషి నడిచి వచ్చినాడు. ఆయన గుర్రం జాషువా. ఆయన శ్మశాన పద్యాలు కాటిసీనులో చేరి, ఇప్పుడు అవి లేకుండా సీను రక్తి కట్టని స్థితి వచ్చింది. అక్షరం రాని మా పెద్దవాళ్లకు కూడా అవి నోటికొచ్చు. మా ఇండ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. ఆ పద్యాలు రాసింది జాషువా అని పుస్తకంలో చూసేదాకా బలిజేపల్లివే అనుకునే వాళ్లు మా చుట్టూ చానామంది. అంటరాని కవి పద్యం స్టేజీ ఎక్కింది, పేరు మాత్రం పందిరి బయటనే ఆగిపోయింది.

కాటిలో అంటరానితనానికి చోటు లేదన్న భావం ఆ పద్యాల్లో ఉంది. ఇది ఊరి మాటగా తీసుకుంటే అబద్ధం. ఊరికొక కాడు, వాడకొక కాడు మన కండ్ల ముందరే ఉన్నాయి. బతికున్నవాళ్లలో ఎక్కడా దొరకని సమానత్వాన్ని చచ్చినవాళ్ల మధ్య వెతుక్కోవాల్సి వచ్చిన మనిషి ఎత్తిపొడుపుగా మేము దాన్ని చదువుతాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేసినారు. అక్కడి దళితులు తమవాళ్లను ఊరిబయట కాటికి తీసుకుపోలేదు, ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. సమాధులు మాత్రం ఊరి నడుమనే ఉన్నాయి. కాడు ఎక్కడుండాలో వాళ్లే నిర్ణయించిన ఆ పని ముందు హరిశ్చంద్రుడి వైరాగ్యం చానా చిన్నదిగా కనిపిస్తుంది.

అట్లాగని ఈ నాటకాన్ని మానేయమని మేము చెప్పం. మన వాడల్లో మంచి గొంతులున్నాయి, ఈ పద్యాల మీద ప్రేమ ఉంది. దాన్ని వదులుకోమనడం న్యాయం కాదు. మనవాళ్లు ఆడేటప్పుడు మాత్రం కొన్ని మార్పులు చేయాల. పద్యం ఎత్తుకునే ముందు జాషువా పేరు మైకులో చెప్పాల. వీరబాహుడి ముంత తీసేసి, ఆరు వంతుల లెక్క అతడి నోట పలికించాల. దేవతలు దిగినప్పుడు అతడు దేవుడు కాకూడదు, కర్ర పట్టుకొని మనిషిగానే స్టేజీ మీద నిలబడాల. రాజు సెలవడిగితే, నీ కూలి రెండు వంతులూ తీసుకొని పో నాయనా, పొద్దున వచ్చే శవానికి నేను ఇంకో మనిషిని చూసుకోవాల అనాల. తర్వాత తెర వేయకుండా కొంతసేపు అతడిని పని చేసుకోనివ్వాల.