వృత్తి నటులు, ఔత్సాహిక నటులు: అర్థభేదాలు

తెలుగు నాటక సమాజాలను వృత్తి సమాజాలు, ఔత్సాహిక సమాజాలు అని రెండుగా విభజించడం పరిపాటి. నాటకమే జీవనాధారమైతే వృత్తి సమాజం. వేరే జీవనాధారం ఉండి, ఇష్టం కొద్దీ ఆడితే ఔత్సాహిక సమాజం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, కుటుంబాలుగా ఊరూరా తిరిగిన సురభి మొదటి దానికి ఉదాహరణ. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం విద్యార్థులచేత ఆడించిన ప్రదర్శన రెండవ దానికి ఉదాహరణ. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల రంగస్థలాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నిర్వచనం ఒక్కటే చాలదు.

‘వృత్తి’ అన్న మాటను పరిశీలిద్దాం. దీనికి మూడు అర్థాలున్నాయి. మొదటిది జీవనోపాధి. రెండవది కులవృత్తి, అంటే తోలుబొమ్మలాట కుటుంబాలకు వలె వంశపారంపర్యంగా వచ్చినది. మూడవది ఇంగ్లీషు ప్రభావంతో వచ్చిన అర్థం: ‘ప్రొఫెషనల్‌గా చేశాడు’ అంటే డబ్బు తీసుకున్నాడని కాదు, పనితనం చూపాడని. ‘అమెచ్యూర్’ అనే మాటకు మూలార్థం ప్రేమించేవాడు అయినా, ఇంగ్లీషులో అది చేతకానితనాన్ని కూడా సూచిస్తుంది. మన ‘ఔత్సాహిక’లో ఆ నింద లేదు.

బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ ద్వారా స్త్రీపాత్రలలో ప్రసిద్ధులయ్యారు. 1956లో పద్మశ్రీ పొందారు. ఆయన సత్యభామ గొప్పతనాన్ని జీవనోపాధి లెక్కతో తేల్చలేం. నడక, చూపు, వాచికం మీద చేసిన సాధనే అక్కడ కొలమానం.

దీనికి భిన్నమైనవి కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టర్లు పేరున్న నటులను వేర్వేరు సమాజాల నుంచి ఒకచోట చేర్చేవారు. డబ్బుంది, ఎవరి విద్య వారికుంది. కలిసి చేసిన రిహార్సల్సు లేవు. పద్యాలకు వన్స్‌మోర్లు దక్కాయి, నాటకం మాత్రం దెబ్బతింది. మరోవైపు, 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు వంటి సంస్థల పోటీలకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు పని వేళలు ముగిశాక రిహార్సల్సు చేసి సిద్ధమయ్యారు. పారితోషికం, పనితనం ఒకటి కావని ఈ రెండూ చెబుతున్నాయి.

అసలు చిక్కు మరొకటుంది. ఔత్సాహిక ప్రదర్శనలో కూడా నటి, హార్మోనిస్టు, మేకప్ కళాకారుడు తరచుగా పారితోషికం మీద వచ్చినవారే. నెల జీతం ఉన్న నటుడు చేస్తే ‘కళాసేవ’ అన్నారు. రంగస్థలం మీదే బతికే నటి అదే రాత్రి, అదే వేదిక మీద నటిస్తే ‘డబ్బుకు వచ్చింది’ అన్నారు. ఆదాయ మార్గాన్ని తెలిపే మాట ఈ విధంగా గౌరవాన్ని పంచే మాటగా మారింది. ఉచితంగా నటించగలగడానికి వెనుక ఒక జీతమో పొలమో ఉండాలి. అది లేనివారి కళాభిమానాన్ని శంకించడం విమర్శ అనిపించుకోదు.

కాబట్టి ఈ రెండు పదాలను సమాజ నిర్మాణాన్ని వివరించడానికే వాడాలి. నటన స్థాయిని, నటుల గౌరవాన్ని నిర్ణయించడానికి వాడరాదు.

అభ్యాసం: కోటప్పకొండ ప్రభల వద్దనో, మీ ఊరి తిరునాళ్లలోనో చూసిన ఒక పద్యనాటకాన్ని తీసుకోండి. అందులో ఎవరిని ‘వృత్తి’, ఎవరిని ‘ఔత్సాహిక’ కళాకారులంటారు? ఏ అర్థంలో?