గోల్కొండ కాదు, గొలుగొండ

రెండేళ్ళ కిందట డర్బన్ నుంచి ఒక టీచరమ్మ నాకు ఫోన్లో ఒక బొమ్మ పంపింది. 1890ల నాటి ఓడ జాబితాలో ఒక పేజీ అది. అందులో వాళ్ళ ముత్తాత ఉన్నాడు, ఆయన ఊరేదో చెప్పమంది. ఆమె నన్ను అంకుల్ అంటుంది. తెలుగు రాదు, ఇంట్లో మిగిలిన నాలుగైదు మాటలు తప్ప. ముత్తాత పేరు ఇక్కడ రాయను గానీ, 'అప్పల'తో మొదలవుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

పేజీ నిండా గడులు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. ముత్తాత వరసలో జిల్లా గడి మీద సిరా పాకింది. తాలూకా 'గోల్గొండ'. ఊరు 'బాలీగ' దాకా కనబడుతుంది, ఆ తర్వాత కాగితం మడత.

అరగంటలో తేల్చేశాను. గోల్గొండ అంటే గోల్కొండ కాక మరేమిటి? గుమాస్తా ఒక అక్షరం అటూ ఇటూ చేశాడంతే అనుకున్నాను. పాపం ఆమె నా మాట నమ్మి, డిసెంబరు సెలవుల్లో భర్తతో హైదరాబాదు వచ్చింది. కోట ఎక్కింది, ఫొటో దిగింది, చిటికెడు మట్టి పొట్లం కట్టుకుని పోయింది.

తప్పు బయటపడింది మరో నాలుగు నెలలకి. అదీ నా తెలివి వల్ల కాదు. వేరే పని మీద ఆ పేజీ మళ్ళీ తెరిస్తే, రెండు వరసల కింద మరొకడికీ అదే తాలూకా కనిపించింది. వాడి జిల్లా గడి మాత్రం శుభ్రంగా ఉంది. వైజాగపటం.

విశాఖపట్నం జిల్లాలో గోల్కొండ ఏమిటని డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో రాసిన జిల్లా గెజిటీర్ తీశాను. గొలుగొండ తాలూకా, ముఖ్యస్థానం నర్సీపట్నం! ఇప్పటికీ ఆ పేరుతో మండలం ఉంది. పటం మీద దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటానో. అయినా గోల్కొండ అన్న పెద్ద పేరు కళ్ళకు అడ్డం పడితే గొలుగొండ ఎలా కనబడుతుంది?

పాత జాబితాల్లో ఊళ్ళు వెతికే ఈ పనిలో చెరిగిన అక్షరం కంటే మనకు బాగా తెలిసిన ఊరే ఎక్కువ ప్రమాదం. తెలియని పేరైతే తడుముకుంటాం, నలుగురినీ అడుగుతాం. తెలిసిన పేరు తగిలితే అక్కడితో వెతకడం ఆపేస్తాం. నాకంటే ముందు ఆ టీచరమ్మ బంధువు ఒకాయన 'బాలీగ' చూసి కలకత్తా బాలీగంజ్ అన్నాడట. ఆయన్ని చూసి నవ్విన నోరే ఇది.

తాలూకా సంగతి అటుంచి, ముత్తాత పేరే చెబుతూ ఉంది. అప్పల, సింహాద్రి, పైడి అని మొదలయ్యే పేర్లు ఎక్కువగా ఉత్తరాంధ్రవి. ఒకటి సింహాచలం అప్పన్న పేరు, ఒకటి ఆ కొండ పేరు, ఇంకొకటి పైడితల్లి పేరు. పెంచలయ్య అని కనిపిస్తే నేను ముందు నెల్లూరు వైపు చూస్తాను, పెంచలకోన అక్కడే కాబట్టి. కోటయ్య అయితే కోటప్పకొండ చుట్టుపక్కల. ఇది రుజువు కాదు, ఎటు తిరగాలో చెప్పే వేలు మాత్రమే. ఆ జాబితాల్లో మనవాళ్ళ ఇంటిపేర్లు ఉండటం అరుదు, కాబట్టి దేవుడి పేరే దిక్కు.

ఇంగ్లండులో వంశవృక్షాలు వెతికేవాళ్ళకి జనగణన కాగితాలే ఉన్నాయి. 1841లో ఉంటున్న కౌంటీలోనే పుట్టావా లేదా అని మాత్రం అడిగారు. 1851 నుంచి పుట్టిన ఊరు కూడా రాయించారు. మనకు ఆ భాగ్యం లేదు. 1881 నుంచి పదేళ్ళకోసారి లెక్క జరిగినా, అచ్చయి నిలిచినవి మొత్తం అంకెలే గాని ఇంటింటి కాగితాలు కావు. దాంతో ఒక విచిత్రం జరిగింది. కూలికి కుదిరి సముద్రం దాటినవాడి తండ్రి పేరు, ఊరు, మోకాలి మీద మచ్చతో సహా కాగితం మీద మిగిలాయి. ఊళ్ళోనే ఉండిపోయిన వాడి అన్న, సొంతానికి సెంటు భూమి లేనివాడైతే, చాలావరకు ఎక్కడా కనబడడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలు 1911 దాకా డర్బన్ ఉన్న నటాలుకు లక్షా యాభై వేలకు పైగా వెళ్ళారు. మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే.

వాళ్ళ ఊరి పేరు కాగితం మీదకు ఎక్కిన తీరు చూడండి. నర్సీపట్నం యాసలో ఒకడు చెబుతాడు. కూలీలను ఓడెక్కించే మద్రాసు డిపోలో ఇంకో యాస చెవి వింటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చెయ్యి రాస్తుంది, మరో చెయ్యి దాన్ని నకలు తీస్తుంది. మాధవాయపాలెం ఇంగ్లీషువాళ్ళ నోట మదపొల్లం అయిన దేశం మనది. అందుకే నేను కంటితో చదవడం మానేసి గట్టిగా పైకి చదువుతాను, ఇంట్లో వాళ్ళు విసుక్కున్నా సరే.

జిల్లా గడినీ ఊరికే నమ్మకూడదు. అప్పుడు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, చికాకోల్ అని రాసేవారు. 1936లో గంజాం చాలావరకు ఒరిస్సాకు పోయింది. 'గంజాం' అని చూసి మనవాడి కోసం ఒడిశా అంతా గాలించినవాళ్ళున్నారు. ఉత్తర ఆర్కాటు అనగానే తమిళ కుటుంబం అనుకోవడమూ అంతే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చంద్రగిరి, పలమనేరు ఆ జిల్లాలోవే.

సరే, మన 'బాలీగ'. అదే గుమాస్తా రాసిన ఇతర పేర్లు ముందేసుకుని, ఆయన 'యూ' ఎలా తిప్పుతాడో, 'ఏ'కి మూత పెడతాడో లేదో చూశాను. మడత అవతల ఒక కొమ్ము, దానికి అడ్డగీత, చివర మూడు కాళ్ళు కనిపించాయి. 'టీ', 'ఎమ్' అనుకున్నాను. నర్సీపట్నంలో పనిచేసి రిటైరైన ఒక కరణంగారి అబ్బాయికి ఫోన్ చేసి, "బాలీగాటమ్ లాంటి ఊరేదైనా ఉందా బాబూ?" అన్నాను. ఆయన ఆలోచించను కూడా లేదు. "బలిఘట్టం గాదేటండీ! వరాహ నది ఒడ్డున, శివాలయం ఉంటాది," అన్నాడు.

టీచరమ్మకు ఉత్తరం రాయడానికి వారం పట్టింది. తాలూకా ఖాయం, ఊరు మాత్రం బహుశా అని రాశాను. ఆ 'బహుశా' కింద గీత కూడా గీశాను, ఒకసారి చెయ్యి కాలింది కదా. ఆమె కోప్పడలేదు. "మరి ఆ మట్టి ఏం చెయ్యమంటారు అంకుల్?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఈ డిసెంబరులో మళ్ళీ వస్తామంటున్నారు. బలిఘట్టం, నర్సీపట్నం చుట్టుపక్కల ఈ కాలమ్ చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఓడెక్కి తిరిగిరాని తాత కథ ఉంటే, వాళ్ళు బయలుదేరే లోపు పత్రిక చిరునామాకి ఒక కార్డు ముక్క రాసి పడేయండి.