బుడగలు ఆగాయి, బీరు అయిందా?

ఇంట్లో బీరు కాచడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళను పులియడం పూర్తయిందని ఎలా తెలిసిందని అడిగితే, లోపలి గ్యాసును బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి కదా అంటారు. ఆ జవాబు వింటే నాకు కంగారు పుడుతుంది. మూత కాస్త వదులైతే గ్యాసు పక్కనుంచి పోయి, ఈస్ట్ జోరుగా పనిచేస్తున్నా ఒక్క బుడగ కనిపించదు. గదిలో వేడి పెరిగితే, ఎప్పుడో పులిసిపోయిన బీరులోంచి కూడా బుడగలు వస్తాయి. లోపల చక్కెర ఎంత మిగిలిందో తేల్చేది గ్రావిటీ, అంటే నీళ్ళతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె.

కొలత సంగతికి ముందు చట్టం సంగతి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అమెరికాలో ఫెడరల్ పన్ను లేకుండా ఇంటి అవసరానికి బీరు కాచుకునే వీలు వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. కాబట్టి నేను చెప్పేది ఇక్కడి న్యూజెర్సీ గరాజ్ సంగతి.

గ్రావిటీని కొలిచే గాజు హైడ్రోమీటర్ పనిచేసేది మన ఊళ్ళలో పాలకేంద్రం లాక్టోమీటర్ లాగే: చిక్కటి ద్రవంలో పైకి తేలుతుంది, పల్చటి దాంట్లో మునుగుతుంది. నీళ్ళలో 1.000. పులియకముందు వోర్ట్ (మాల్ట్ నుంచి తీసిన తీపి ద్రవం) 1.050 ఉండి, ఈస్ట్ చక్కెర తిన్నాక 1.010 దగ్గర నిలిచిందనుకోండి. ఆ తేడాను 131.25తో గుణిస్తే 5.25 శాతం ఆల్కహాల్. 1784లో ఇంగ్లండ్‌లో జాన్ రిచర్డ్‌సన్ ఈ కొలతను బ్రూయర్లకు నేర్పుతూ పుస్తకం రాశాడు. లేతరంగు మాల్ట్ ధర ఎక్కువైనా దాంట్లోంచి వచ్చే చక్కెర అంతకన్నా ఎక్కువని లెక్క తేలేసరికి, లండన్ పోర్టర్ తయారీ తీరే మారిపోయింది.

కొలవడానికి ఓపిక కావాలి. ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) కుళాయి తిప్పగానే వచ్చే మడ్డిని పారబోసి, తేటగా వచ్చింది పట్టుకుంటాను. పులుస్తున్న బీరులో గ్యాసు నిండా ఉంటుంది. ఆ బుడగలు గాజుకు అంటుకుని హైడ్రోమీటర్‌ను పైకి లేపుతాయి, అంకె లేనిపోనిది పెరుగుతుంది. అందుకే రెండు గ్లాసుల మధ్య టీ తిరగబోసినట్టు నురగ చచ్చేదాకా పోసి, గాజు గొట్టంలో నింపి, హైడ్రోమీటర్‌ను వేళ్ళతో ఒకసారి గిరగిరా తిప్పి వదులుతాను. అది గోడకు తగలకుండా నిలిచాక, కళ్ళు బీరు మట్టానికి దించి, గాజు అంచున పైకి పాకినచోట కాకుండా మధ్యలో చదునుగా ఉన్న మట్టం దగ్గర చదవాలి.

వేడి కూడా చూసుకోవాలి. 20 డిగ్రీలకు తయారైన పరికరం 30 డిగ్రీల బీరులో 0.002 నుంచి 0.003 దాకా తక్కువ చూపుతుంది. పొగలు కక్కే వోర్ట్‌లో కొలిచి పట్టిక చూసి సరిచేసుకునే పద్ధతిని నేను నమ్మను, చల్లార్చడమే మేలు. లోపలి కాగితం స్కేలు జారి ఉండొచ్చు కాబట్టి, 90 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో 10 గ్రాముల పంచదార చొప్పున కలిపి గొట్టంలో పోసి చూస్తే 1.040 రావాలి. రాకపోతే తేడా ఎంతో రాసిపెట్టుకోవాలి.

రెఫ్రాక్టోమీటర్‌కు (కాంతి వంగే తీరును బట్టి చక్కెరను కొలిచేది) రెండు చుక్కలు చాలు, ముచ్చటగా ఉంటుంది. ఈస్ట్ వేయకముందు అది చక్కటి సాధనం. తర్వాత ఆల్కహాల్ దాని లెక్క తప్పిస్తుంది: 1.010 ఉన్న బీరునే 1.025 దరిదాపుల్లో చూపుతుంది, సూత్రం వేసి సరిచేసుకోవాలి. బీరులో తేలుతూ ఫోన్‌కు అంకెలు పంపే పరికరాలకు నురగ, ఈస్ట్ అంటుకుంటాయి. గ్రావిటీ దిగే తీరు చూడటానికి బాగానే ఉంటాయి కానీ, సీసాలు నింపే నిర్ణయం నేను వాటికి వదలను.

ఎందుకంటే ఆ సీసాలు మన ఇంట్లోనే ఉండవు. స్నేహితుల వంటింట్లో, పిల్లలు తిరిగేచోట ఉంటాయి. పులియకుండా మిగిలిన ఒక్కో 0.001 సీసాలో సుమారు అర వాల్యూమ్ గ్యాసు పుట్టిస్తుంది (లీటరు బీరుకు లీటరు గ్యాసైతే ఒక వాల్యూమ్). 0.004 మిగిలితే రెండు వాల్యూములు. పొంగు కోసం చక్కెర వేస్తే సీసాలో గ్యాసు మామూలుగానే రెండున్నర దాకా చేరుతుంది. రెండూ కలిస్తే మామూలు సీసా పేలవచ్చు.

రెండు మూడు రోజుల తేడాతో ఒకే అంకె రెండుసార్లు వస్తే నింపొచ్చంటారు. నాకది చాలదు. 1.020 దగ్గర ఈస్ట్ అలిసి ఆగిపోయినా అంకె కదలదు మరి. అందుకే కాచిన రోజే కాస్త వోర్ట్ వేరే సీసాలోకి తీసి, ఈస్ట్ దండిగా వేసి, మూత బిగించకుండా వెచ్చటిచోట పెడతాను. తరచూ కదుపుతుంటే రెండు మూడు రోజుల్లో అది పులియాల్సినంతా పులుస్తుంది. అక్కడ 1.011 వచ్చి, పెద్ద ఫెర్మెంటర్‌లో 1.016 దగ్గర ఆగితే, సీసాలు కడగను. ఫెర్మెంటర్‌ను ఇంకో రెండు డిగ్రీలు వెచ్చగా ఉండేచోటికి జరిపి, అడుగున పేరుకున్న ఈస్ట్ లేచేలా మెల్లగా కదిపి, మళ్ళీ కొలుస్తాను.