చిక్కుడు అడిగేది చీకటిని

చలికాలం అనగానే పెరటి మొక్కలకు చలి దెబ్బ తగులుతుందేమోనని అనుకోవడం దేవదుర్గలో అరువు తెచ్చుకున్న భయం. మంచు కురిసే దేశాల్లో మొక్కలకు గోనెపట్టాలు కప్పి బతికించుకోవాలి కాబట్టి వాళ్లకది నిజమైన భయమే. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన నల్లరేగడిలో మాత్రం తోట సాగేదే ఈ నెలల్లో. పుష్యంలో కూడా మధ్యాహ్నపు ఎండ 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. తొలకరికి పెట్టిన నాటు చిక్కుడు నెలల తరబడి పందిరంతా ఆకుతో నింపి, కార్తీకం వచ్చేసరికి ఒక్కసారిగా గెలలు వేస్తుంది. ‘చలి పడింది, పూత పట్టింది’ అంటాం. అక్కడే పొరబడుతున్నాం. ఆ పూతకు ముహూర్తం పెట్టేది చలి కాదు, రాత్రి పొడవు. మన పెద్దలకు పొద్దు లెక్క తెలియక కాదు. ‘పుష్యమాసానికి పూస గుచ్చ పొద్దుండదు’ అన్న సామెతలో వణుకు ఊసే లేదు, ఉన్నది కురచైన పగలే.

మన ఊరు ఉత్తర అక్షాంశం 16 డిగ్రీలు దాటిన చోట ఉంది. జూన్ చివర పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరు చివర 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే, మొక్కకు అదే చాలు. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ ఈ సంగతి లోకానికి చెప్పారు. వాళ్లను తిప్పలు పెట్టింది మేరీలాండ్ మామత్ అనే పొగాకు. వేసవి పొలంలో మనిషిని మించి పెరిగేదే గానీ పూసేది కాదు, చలికాలపు గాజింట్లో మాత్రం పూసేది. వాళ్లూ మొదట మనలాగే వేడినీ చలినీ అనుమానించారు. చివరికి నడి వేసవిలో ఆ కుండీలను పొద్దుండగానే రోజూ చీకటి అరలోకి చేరిస్తే, ఆ ఉక్కలోనే పూత వచ్చింది. 1938లో హామ్నర్, బానర్ మరో అడుగు వేశారు. వాళ్లు పట్టుకున్న మొక్క మన రోడ్ల పక్కన బట్టలకు ముళ్లకాయలు అంటించే మరులమాతంగే. దాని పొడవాటి రాత్రిని మధ్యలో కొద్దిసేపు దీపంతో తెంపితే చాలు, పూత ఆగిపోయింది. అంటే మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, తెగని చీకటిని. చేమంతి రైతులు ఇప్పుడు చేసేది ఇదే. పూతను ఆపాలంటే రాత్రి బల్బులు వేస్తారు, రప్పించాలంటే నల్ల గుడ్డ కప్పుతారు. చలితో పని లేదు.

ఉల్లిగడ్డది తిరగేసిన లెక్క. అది గడ్డ కట్టాలంటే పగలు ఒక మేరకు సాగాలి. మన రకాలకు 11, 12 గంటలు సరిపోతాయి, చలిదేశాల రకాలకు 14 గంటలు కావాలి. మన ఊళ్లో ఏడాదిలో అతి పెద్ద పగలు కూడా అంత ఉండదు. అందుకే చుట్టాలు విదేశం నుంచి ముచ్చటపడి తెచ్చిన ఉల్లి విత్తనం ఎంత ఎరువు వేసినా ఉల్లికాడలతోనే సరిపెడుతుంది.

చలికి పాత్రే లేదా అంటే ఉంది. కాలీఫ్లవర్ పువ్వు కట్టడానికి చల్లదనం కావాలి. రాత్రులు కాగిపోయే ఎండాకాలంలో టమాట పూత రాలిపోతుంది, ఇప్పుడు నిలబడుతుంది. కాబట్టి నా వాదన పెరడంతటికీ వర్తించదు. చిక్కుడు, చేమంతి, పుంటికూర లాంటి వాటికే. ఇంకొందరు పున్నమి సంగతేమిటని అడుగుతారు. కార్తీక పౌర్ణమి రాత్రంతా వెలుగే కదా, మరి చిక్కుడు ఎలా పూస్తోంది? మంచి ప్రశ్నే. నిండు వెన్నెల మన కంటికి ఎంత ఉన్నా, కొలిస్తే ఒక లక్స్‌లో మూడో వంతు కూడా తూగదు. పందిరి పక్క బల్బు వెలుగు దానికి వందల రెట్లు. పుస్తకం చదువుకోగలిగేంత వెలుతురు పడితే చేమంతి మొగ్గ వెనక్కి పోతుంది.

చిక్కుడు పూతనూ ఆపేది అలాంటి దీపమే అంటే, ఇక గట్టి అభ్యంతరం మిగిలింది. చిక్కుడుకాయ కోసం వాకిట్లో లైటు ఆర్పుకోవాలా? పురుగూ పుట్రా తిరిగే చోట, ఆడవాళ్లు రాత్రిపూట బయటికి రావాల్సిన ఇళ్లలో ఆ మాట ఎవరూ అనకూడదు. (రాత్రిని పగలు చేసే కరెంటు తయారయ్యేది మన జిల్లా శక్తినగర్‌లోనే కాబట్టి, ఆర్పమంటే మనకు ఇంకాస్త నామోషీ.) ఆర్పక్కర్లేదు, పందిరి జరిపితే చాలు. దీపానికి గోడ అడ్డు వచ్చే వైపు పాదు పెట్టవచ్చు. కుండీలో చేమంతైతే సాయంత్రం ఇంటి వెనక్కి మార్చవచ్చు. అదీ కుదరకపోతే పొద్దుతో పని లేకుండా కాసే పొట్టి రకాలున్నాయి, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల హెబ్బాళ అవరె (అనప చిక్కుడు) అలాంటిదే. ఏడాదిలో ఎప్పుడు వేసినా కాస్తుంది. నాటు అనపకాయకు చలి రాత్రుల్లో పట్టే ఆ జిడ్డు వాసన, కన్నడంలో సొగడు అంటారే, దానికోసం చూసేవాళ్లకు మాత్రం ఇది ఆనదు. పూయని తీగకు యూరియా వేయడం, నీళ్లు ఇంకా పోయడం అన్నిటికన్నా తప్పుదారి. చలి రోజుల్లో నల్లరేగడి తడి తొందరగా వదలదు. వేరు కుళ్లుతుంది, ఆకు ఇంకా ఏపుగా వస్తుంది, పూత మరింత వెనక్కి పోతుంది.

వీధి లైటు కింద పందిరి ఉన్నవాళ్లు ఈ వారం ఒకసారి దాని చుట్టూ తిరిగి చూడండి, దీపం వైపు ఎన్ని గెలలున్నాయో, చాటు వైపు ఎన్నో. మాఘంలో రథసప్తమికి సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం. దక్షిణానికి వెళ్లిన సూర్యుడు మళ్లీ ఇటు మళ్లాడని చేసే పూజకు, ఆయన దూరమైతే గానీ పూయని తీగనే ఎంచుకున్నారు. చాటు వైపు కొమ్మల్లో ఆ రథానికి సరిపడా కాయలు అప్పటికి ముదిరి ఉంటాయి. లైటు వైపు ఆకులకు మాత్రం కొదవుండదు.