చెవి ముందు, స్క్రూడ్రైవరు తర్వాత

పాత లాప్‌టాప్‌లో తిరిగే భాగాలు మూడే. ఫ్యాను, హార్డ్ డిస్కు, ఇప్పటి యంత్రాల్లో కనిపించకుండా పోయిన సీడీ డ్రైవు. చప్పుడు చేస్తున్నది వీటిలో ఏదో తేల్చడం తేలికేనని అనిపిస్తుంది. అయినా శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల, మెట్ల కింద ఇరుకు గదిలో పనిచేసే ఒక మెకానిక్ దగ్గరికి యంత్రాలు చాలావరకు తప్పుడు జబ్బు పేరుతోనే వస్తాయి. అందరూ చెప్పే పేరు ఒక్కటే: ఫ్యాను పోయింది.

ఎచ్చెర్లలో చదువుకునే కుర్రాడు కూడా ఆ మాటతోనే వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్న కొత్తది కొనుక్కుని పాతది తమ్ముడికి పంపాడు. ఈ వైపు ఇళ్లకి లాప్‌టాప్‌లు చేరే దారుల్లో ఇదీ ఒకటి. "అన్నా, ఫ్యాను పోయింది. కొత్తది వేసీ, ఎంతవుతాది?" అన్నాడు కుర్రాడు. "పోయిందని ఎవులు సెప్పినారు తమ్మూ? ముందల విననీ" అన్నాడు మెకానిక్.

వినడానికి ముందు నాలుగు ప్రశ్నలు వేశాడు. ఆన్ చేసిన వెంటనే మొదలవుతుందా, అరగంట ఆగాకా? బల్ల మీద పెట్టి వాడతావా, మంచం మీదా? ఛార్జరు పీకేస్తే తగ్గుతుందా? ఒక పక్కకి వంచితే చప్పుడు మారుతుందా? పైకి కబుర్లలా వినిపించే ఈ ప్రశ్నల్లో ఒక్కటీ వృథా కాదు. అరగంట తర్వాత మొదలైతే వేడి సంగతి. మంచం మీదైతే అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలని దుప్పటి మూసేస్తోంది. ఛార్జరు తీస్తే చాలా యంత్రాలు తమంత తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పుడు చప్పుడూ తగ్గితే మళ్లీ వేడే. వంచినప్పుడు మారితే మాత్రం ఫ్యాను బేరింగ్ అరిగిందన్నమాట, ఎందుకంటే ఇరుసు బరువు మరో పక్కకి ఒరుగుతుంది.

కుర్రాడి జవాబులు విన్నాడు గానీ వాటి మీదే ఆధారపడలేదు. యంత్రం ఆపేసి పక్కన పెట్టాడు. అది చల్లారేలోగా ఇంకో ఇద్దరి పని చూశాడు. చాలా లాప్‌టాప్‌లు కరెంటు అందగానే ఫ్యానుని ఒక్క క్షణం గట్టిగా తిప్పి చూసుకుంటాయి. చల్లటి యంత్రంలో ఆ ఒక్క క్షణమే మెకానిక్‌కి కావాల్సింది, ఎందుకంటే అప్పటికి వేడి ఇంకా పుట్టలేదు. అప్పుడే గరగరలాడితే ఆ నేరం బేరింగ్‌దే. రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టం ఒక కొస చెవికి ఆనించి, రెండో కొస యంత్రం అడుగున అంగుళం అంగుళం జరుపుతూ విన్నాడు. అతని దగ్గరున్న అన్ని పనిముట్లలోనూ నాకు నచ్చింది ఆ గొట్టమే. ఖరీదు లేదు, చప్పుడు పుట్టే చోటు మాత్రం కచ్చితంగా చెబుతుంది.

ఏ చప్పుడు ఏమిటో అతను చెప్పిన తీరు బాగుంది. ఒట్టి హోరు గాలిది. ఫ్యాను ఆరోగ్యంగానే ఉంది, వేడి బయటికి పోక పరిగెడుతోందంతే. గరగర ఇరుసుది. టకటక అంటే రెక్కకి తీగో, పీచో తగులుతోంది. సన్నగా కీచుమనేది, తెర మీద పేజీ జరిపినప్పుడల్లా మారేది అయితే బోర్డు మీది కాయిల్ కంపనం. దానికి మందూ లేదు, దాని వల్ల ప్రమాదమూ లేదు. అలాంటి యంత్రాన్ని విప్పకుండానే తిప్పి పంపుతాడు. సాధారణ లాప్‌టాప్ హార్డ్ డిస్కు నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకి 90 చుట్లు తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కు సన్నగా జుమ్మంటుంది. ఆ జుమ్ములో టిక్కుటిక్కు వినిపిస్తే అతను స్క్రూడ్రైవరు ముట్టుకోడు. ముందు ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే చోటికి తీయిస్తాడు. లోపల చదివే తల తడబడుతున్నప్పుడు డిస్కుని మళ్లీ మళ్లీ ఆన్ చేయడం ఉన్నదీ పోగొట్టుకోవడమే.

చెవితో తేల్చే పనికి ఈ నేల మీద గౌరవం కొత్తది కాదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుని తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పి, తర్వాత తానూ అధ్యక్షుడయ్యారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసేవాళ్లు 24 మెట్లనీ మైనం మీద నిలబెట్టేటప్పుడు ఒక్కొక్కటీ మీటి, విని, వెంట్రుకవాసి జరుపుతారు. లాప్‌టాప్ మెకానిక్‌ని వాళ్ల సరసన కూర్చోబెట్టడం ఎక్కువే అనేవాళ్లు అనవచ్చు. నాకు మాత్రం ఎక్కువనిపించదు. అంత సన్నటి తేడా పట్టడానికి వాళ్ల చెవి ఎంత పనిచేయాలో, రెక్కల హోరు కింద దాగిన ఇరుసు గరగరని విడదీయడానికి ఇతని చెవీ అంతే పనిచేయాలి.

కుర్రాడి యంత్రంలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. వేడెక్కాక పెద్ద హోరు. దాని కింద అణగి, చల్లగా ఉన్నప్పుడే వినిపించే చిన్న గరగర. అప్పుడైనా విప్పుతాడేమో అనుకున్నాను. విప్పలేదు. టాస్క్ మేనేజర్ తెరిచాడు. అన్న పెట్టినదొకటి, తమ్ముడు పెట్టినదొకటి, రెండు యాంటీవైరస్‌లు పోటీపడి డిస్కంతా వెతుకుతున్నాయి. ఒకటి తీసేశాడు. పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠాన్ని 100 నుంచి 99 శాతానికి దించాడు. ఆ ఒక్క శాతంతో విండోస్ యంత్రాల్లో సాధారణంగా టర్బో వేగం ఆగిపోతుంది. పాఠాలు చదువుకోవడానికి, కోడ్ రాసుకోవడానికి ఆ లోటు తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. పైసా ఖర్చు లేకుండా హోరు కొంత దిగింది. తక్కువ ఖర్చుతో బాగుచేయడంలో కిటుకు చవక సామాను వెతకడంలో లేదు. ఏది మార్చక్కర్లేదో ముందే తేల్చేయడంలో ఉంది. మనం డబ్బిచ్చేది సామానుకని అనుకుంటాం గానీ, నిజానికి కొనుక్కునేది ఆ తేల్చడాన్నే.

ఇక విప్పడం. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటి ఆఫీసు రకాలకి విప్పే క్రమమంతా బొమ్మలతో సహా కంపెనీలే అందరికీ అందుబాటులో పెడతాయి. అతని ఫోనులో అలాంటి పుస్తకాలు బోలెడు. అయినా ప్రతిసారీ ఒక తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన స్క్రూని తీసిన చోటే కాగితానికి గుచ్చుతాడు. స్క్రూలన్నీ ఒకే పొడుగుండవు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది పైకి పొడుచుకొస్తుంది, లేదా బోర్డునే చీలుస్తుంది. లాకులు విడదీయడానికి వాడేసిన సిమ్ కార్డు పలక. మూత రాగానే మొదట బ్యాటరీ వైరు తీస్తాడు, ఆ తర్వాతే మిగతావాటి మీద చెయ్యి.

ఫ్యాను తీశాక అసలు సంగతి బయటపడింది. ఫ్యానుకీ, గాలి బయటికి పోయే రేకులకీ మధ్య దుమ్ము, వెంట్రుకలు, నూలు పీచు కలిసి కంబళి ముక్కలా పేరుకున్నాయి. ఫ్యాను ఎంత తిరిగినా గాలి ఆ పొర దాటదు. చాలామంది బయటి నుంచే బ్లోయర్‌తో ఊదుతారు. దాంతో పొర చిరిగి లోపలికి చెదురుతుంది, పైగా ఆ గాలికి ఫ్యాను తన హద్దు మించి గిర్రున తిరిగి బేరింగ్ చెడుతుంది. అతను పట్టకారుతో ఆ పొరని ఒక్క ముక్కగా లాగాడు. ఊదాల్సి వచ్చినప్పుడు రెక్కలని వేలితో ఆపి ఊదాడు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్ల యంత్రాల్లో దుమ్ముకి తోడు ఉప్పుగాలి ఉంటుందనీ, అలాంటివాటిలో ఒక్కోసారి రేకులే పొడిపొడిగా రాలతాయనీ చెప్పాడు.

గరగర కోసం ఫ్యాను చక్రాన్ని ఊడబెరికాడు. ఇలాంటి ఫ్యానుల్లో చాలావాటిలో చక్రాన్ని పట్టి ఉంచేది అయస్కాంతమే, నేరుగా లాగితే వచ్చేస్తుంది. కింద ఇరుసు తిరిగే బుష్ ఉంటుంది. కంచు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి చేస్తారు. దాని నిండా సూక్ష్మరంధ్రాలు, వాటి నిండా నూనె. తిరిగి వేడెక్కినప్పుడు నూనె ఊరి ఇరుసుని తడుపుతుంది, ఆగినప్పుడు తిరిగి రంధ్రాల్లోకి ఇంకుతుంది. ఏళ్ల తరబడి చక్కగా సాగే ఏర్పాటు. తయారు చేసినవాళ్లని మెచ్చుకోవాల్సిన చోటు కూడా ఇదే. ఆ నూనె ఎండి దుమ్ముతో కలిస్తే నల్లటి జిగురు. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, సూది కొసతో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాడు. రెండోది వెయ్యడు. ఎక్కువైతే రెక్కల మీదికి చిమ్మి దుమ్ముని పిలుస్తుంది. కొందరు ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేసి తెస్తారట. ఉద్దానం కొబ్బరినూనె తలకి మంచిదే, ఫ్యానుకి కాదు. 24 డిగ్రీలకి దిగువన అది గడ్డకడుతుంది, మిగతా కాలమంతా జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలూ అంతే, వాటిలో ఎక్కువ భాగం ఆరిపోయే ద్రావకం.

చక్రం మళ్లీ పెట్టి పక్కకి కదిపి చూశాడు. కొంచెం వదులు ఉంది. "నూనితో కొన్నాళ్లు నడుస్తాది, బుష్ అరిగిపోతే నూని ఏటీ సెయ్యదు" అని ముందే చెప్పాడు.

వేడిని మోసే రాగి గొట్టం పరీక్ష చూడముచ్చటగా ఉంది. ఆ గొట్టం గట్టి రాగి కాదు, బోలు. గాలి తీసేసిన లోపల కొద్దిగా నీళ్లు, గోడల వెంట సన్నటి ఒత్తు లాంటి పొర. చిప్పు దగ్గర నీరు ఆవిరవుతుంది, రేకుల దగ్గర మళ్లీ నీరవుతుంది, ఒత్తు దాన్ని వెనక్కి పీలుస్తుంది. అమెరికాలో లాస్ అలమోస్ శాస్త్రవేత్త జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని నిలబెట్టి, తర్వాత అంతరిక్ష నౌకల వేడి మోయడానికి పనికొచ్చేలా చేశాడు. గొట్టానికి ఎక్కడైనా సన్నటి చీలిక పడితే లోపలి శూన్యం పోతుంది. అప్పుడది ఉత్త రాగి ముక్క. అతను ఒక కొసని వేడి టీ గ్లాసులో ముంచి, రెండో కొస నా వేళ్ల మధ్య పెట్టాడు. క్షణాల్లో చురుక్కుమంది. గొట్టం బతికే ఉంది.

చిప్పు మీది పాత పేస్టు సుద్దలా ఎండిపోయింది. పేస్టు గొప్ప వాహకమని చాలామంది నమ్మకం. రాగితో పోలిస్తే అదేమీ కాదు. రాగి వేడిని గాలి కంటే సుమారు 15,000 రెట్లు బాగా మోస్తుంది, పేస్టు ఎక్కడో మధ్యలో. చిప్పుకీ రాగికీ మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి చేరకుండా చూడడమే దాని పని. కాబట్టి ఎంత పలచగా ఉంటే అంత మంచిది. బియ్యపు గింజంత పెట్టాడు. పక్క భాగాల మీది మెత్తటి ప్యాడ్లని మాత్రం పేస్టుతో మార్చలేదు. వాటి మందం కొలత ప్రకారం ఉంటుంది, పేస్టు అంత సందు నింపలేదు. బిగింపులో మళ్లీ అదే ఓర్పు. రాగి పలక మీద 1, 2, 3, 4 అని ముద్రించిన వరసలో, ఒక్కో స్క్రూకి అరచుట్టు చొప్పున. లాప్‌టాప్‌లో చిప్పుకి మూత ఉండదు, నేరుగా సిలికాన్ ముక్క. ఒక మూల ముందు బిగిస్తే అంచు పగులుతుంది.

అన్నీ బిగించి గంటసేపు పని పెట్టి వదిలాడు. చెవికి తెలిసే తేడా వెనక చిన్న లెక్క ఉంది. ఇలాంటి ఫ్యాను చప్పుడు వేగానికి సుమారు అయిదో ఘాతంలో పెరుగుతుంది. నిమిషానికి 4,500 చుట్ల నుంచి 3,000కి దిగితే దాదాపు 9 డెసిబెల్‌లు తగ్గుతాయి. 10 తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. మే నెలలో రేకుల గదిలో మాత్రం ఇంత సుఖం ఆశించొద్దన్నాడు. గది గాలి కంటే చల్లబరచడం ఏ ఫ్యానుకీ చేతకాదు.

డిస్కు మార్చమంటావా అని కుర్రాడే అడిగాడు. ఇప్పుడొద్దు, డబ్బు చేతికొచ్చాక ఎస్ఎస్‌డీ వేసుకో అన్నాడు. అందులో తిరిగే భాగం ఉండదు, పాత యంత్రానికి పెట్టే ఖర్చుల్లో ఎక్కువ ఫలితం కనిపించేదీ అదే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ముగిసింది, పాత ప్రాసెసర్లని విండోస్ 11 ఒప్పుకోదు. ఎస్ఎస్‌డీ వేసిన రోజున విండోస్ బదులు లినక్స్ మింట్ కూడా పెట్టి ఇస్తానన్నాడు.

మొత్తం బిల్లు మూడంకెలు దాటలేదు. దాని వెనక ఫ్యాను మీది నంబరు, వోల్టేజి, పిన్నుల సంఖ్య రాసిచ్చాడు. ఒకే మోడల్‌లో గ్రాఫిక్స్ చిప్పు ఉన్నదానికి ఒక ఫ్యాను, లేనిదానికి ఇంకొకటి ఉంటాయి, మోడల్ పేరు చెప్పి కొంటే పొరపాటు వస్తుంది. గరగర మళ్లీ వస్తే ఆ నంబరుతో అడగమన్నాడు. చచ్చిన బోర్డుల నుంచి ఊడదీసి దాచిన ఫ్యానులు అట్టపెట్టెల్లో ఉన్నాయి, వాటిలో దొరికితే కొత్తది కొననక్కర్లేదు.