పాత జరీకి వెల కట్టే చేతులు

వాడి వాడి నలిగిన వస్తువుకు న్యాయంగా వెల కట్టడం గొప్ప విద్య. జరీకి పేరుపడ్డ సూరత్‌లో ఆ విద్యను పాత పట్టుచీర అంచు మీద చూడాలి.

చెయ్యి తిరిగిన మనిషి ముందు అంచును అరచేతిలో వేసుకుని బరువు చూస్తాడు. తర్వాత ఒక్క పోగు లాగి గీటురాయి మీద రుద్దుతాడు. బంగారు పూత కింద తెల్లగా మెరిస్తే వెండి, ఎర్రగా తేలితే రాగి. మంట సోకగానే ముడుచుకుపోతే ప్లాస్టిక్ జరీ. అసలు జరీలో బంగారం నూటికి ఒక వంతు కూడా ఉండదు, బరువులో ఎక్కువ వంతు వెండిదే. అందుకే అంచు వెలిసిందని ధర తెగ్గొయ్యడు. పట్టు బరువు తీసేసి, ఆ రోజు వెండి రేటుతో లెక్క కడతాడు.

నేను ఇంకా ఎక్కువ మెచ్చుకునేది అతడి నిజాయితీని. నేత చెడని చీర తెస్తే వెండి కోసం కరిగించొద్దంటాడు. అంచు విప్పి కొత్త బట్టకు వేయించుకోమంటాడు. తెలంగాణ నుంచి వలస వచ్చి సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న మన పద్మశాలీలకు ఆ మాట విలువ బాగా తెలుసు. వెండిని మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ నేతను కొనలేం.